పిండ మూలకణమా, ఐపీఎస్ కణమా?

నల్లగొండలో ఎమ్మెస్సీ చదివే పిల్లలు సెమినార్ దగ్గరపడంగనే అడిగేది ఇదే: "అన్నా, రెండిట్ల ఏది తీసుకోవాలె?" రెండూ మూలకణాలే, అంటే శరీరంలో దాదాపు ఏ కణంగానైనా మారగలిగేవి. ఒకటి పిండం నుంచి తీసేది, రెండోది ఐపీఎస్, మామూలు కణాన్ని వెనక్కి తిప్పి చేసేది.

గట్టుప్పల్ దిక్కు చిటికి కట్టుడు, అంటే రంగులో ముంచే ముందు నూలుకు కట్లు కట్టుడు, చూసినోళ్లకు సగం సంగతి తెలిసినట్టే. నూలు ఒకటే, రబ్బరు చుట్టి బిగించిన చోట రంగు ఎక్కదు. కణాల్లోనూ డీఎన్‌ఏ ఒకటే. మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కలు అంటుకున్న చోట జన్యువు చాలావరకు మూగబోతుంది. గుండె కణం, నాడీ కణం వేరయ్యేది ఇట్లాంటి కట్లతోనే.

పుట్టుక: పిండ కణం ఐదారు రోజుల పిండం నుంచి వస్తుంది, మనిషిలో 1998లో సాధించారు. ఐపీఎస్ మొదలయ్యేది చర్మకణమో, రక్తకణమో, ఓ మామూలు కణంతోనే. ఆక్ట్4, సాక్స్2, కెఎల్ఎఫ్4, సి-మిక్ జన్యువులు ఎక్కించి కట్లు విప్పుతారు. జపాన్ శాస్త్రవేత్త యమనాక దీన్ని 2006లో ఎలుకలో, 2007లో మనిషిలో చేసి చూపి 2012లో నోబెల్ పంచుకున్నారు.

ఖర్చు: పెంచడానికి రెండూ ఖరీదే.

శ్రమ: ఐపీఎస్‌కు వారాలు పడుతుంది, మారే కణాలు బహు కొద్ది. పిండ కణానికి అనుమతుల తిప్పలు.

రిస్క్: రెండూ కణితి కట్టగలవు. ఐపీఎస్‌లో సి-మిక్ క్యాన్సర్ జన్యువు. పైగా కొన్ని పాత కట్లు విప్పుకోక, రక్తం నుంచి చేసినది మళ్లీ రక్తం వైపే మొగ్గవచ్చు.

రోగి సొంత కణాల్లో జబ్బును చూడాలంటే ఐపీఎస్. తొలి రోజుల్లో జన్యువులు ఎట్లా మేల్కొంటాయో చూడాలంటే పిండ కణం. సెమినార్‌కైతే, తమ్మీ, ఐపీఎస్ తీసుకో. ఓ చిటికి నూలు ముక్క జేబులో పెట్టుకపో.