కొత్త మెయిన్‌సెయిల్: గుప్పిట్లో నలిపి చూసి ఎంచుకున్నది

మా 34 అడుగుల తెరచాప పడవకి కొత్త మెయిన్‌సెయిల్ (స్తంభం వెనక ఎత్తే ప్రధాన తెరచాప) వేసి ఒక సీజన్ గడిచింది. పాతదానికి 16 ఏళ్లు. దూరం నుంచి బాగానే కనిపించేది కానీ, అతుకుల దగ్గర దారాన్ని గోటితో గీకితే పుటుక్కున తెగింది. ఎండకి గుడ్డకంటే ముందు చచ్చేది దారమే. గుడ్డ కూడా సాగి, చాప పొట్ట (గాలికి ఎక్కువగా ఉబ్బే చోటు) వెనక్కి జరిగిపోయింది. గాలి కాస్త పెరిగితే చాలు, పడవ ముందుకు పోకుండా పక్కకి ఒరిగేది. చుక్కాని చేతిని లాగేసేది, అరగంట పట్టుకుంటే మా ఆవిడకి భుజం నొప్పి.

లామినేట్ (పొరలు అతికించి చేసే చాప గుడ్డ) జోలికి పోలేదు. ఆకారం బాగా నిలుపుకుంటుంది, నిజమే. కానీ పొరలు విడిపోతాయి, తడిగా మడతపెడితే బూజు పడుతుంది. మా చాప నెలల తరబడి బూమ్ (చాప కింది అంచు వెంట ఉండే అడ్డ కర్ర) మీదే ఉంటుంది, అందుకే డాక్రాన్ (నేసిన పాలిస్టర్ గుడ్డ).

డాక్రాన్ అంతా ఒకటి కాదు. మూడు రకాల నమూనా ముక్కలు తెప్పించాను. కొత్తలో మూడూ కాగితంలా పెళపెళలాడాయి. ఒక్కోదాన్ని గుప్పిట్లో యాభైసార్లు నలిపి, ఐమూలగా పట్టుకుని లాగాను. ఒకటి చేతిరుమాలులా మెత్తబడి సాగిపోయింది. దాని బిగువు నేతలో లేదు, పైన పూసిన రెజిన్‌లో ఉంది. గాలికి టపటపా కొట్టుకునేకొద్దీ ఆ రెజిన్ విరిగిపోతుంది. మిగతా రెండింట్లో నేత దట్టంగా ఉన్న 8 ఔన్సుల బరువు రకం గుడ్డ తీసుకున్నాం. కోత క్రాస్‌కట్, అంటే గుడ్డ పట్టీలు లీచ్‌కి (చాప వెనక అంచుకి) అడ్డంగా వస్తాయి. అందులో పేక పోగులు లీచ్ వెంట పడతాయి, ఎక్కువ లాగుడు పడేదీ అక్కడే. కాబట్టి పడుగు సంగతి ఎలా ఉన్నా, పేక గట్టిదో కాదో తప్పకుండా అడగండి.

పైన రెండు బ్యాటెన్లు (చాప ఆకారం నిలపడానికి అడ్డంగా దూర్చే బద్దలు) పూర్తి పొడవువి, కింద రెండు పొట్టివి. అన్నీ పూర్తి పొడవైతే లఫ్ (చాప ముందు అంచు) స్లయిడ్లని మాస్ట్‌కేసి, అంటే స్తంభానికేసి నెట్టి, చాప దించేటప్పుడు బిగుసుకుంటాయని భయం. రీఫ్‌లు (గాలి పెరిగితే చాపని కొంత దించి కుదించే ఏర్పాట్లు) రెండే, కానీ లోతుగా పెట్టించాం. కుట్లు మూడు వరసల జిగ్‌జాగ్.

ఒక్క విషయంలో మాత్రం చాలా టెన్షన్ పడ్డాం. మా పడవలో ట్యాక్ (చాప కింది ముందు మూల) తగిలించే పిన్, చాప ముందు అంచు జారే మాస్ట్ గాడికి 6 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. కొలతల ఫారంలో రాశాను, ఫోటో కూడా పంపాను. అయినా కుట్టినవాళ్లు వదిలేశారు. చాప ఎత్తగానే ట్యాక్ నుంచి పైకి ఏటవాలుగా పెద్ద ముడతలు! వెనక్కి పంపాం, ఖర్చు వాళ్లే పెట్టుకుని మూడు వారాల్లో సరిచేసి ఇచ్చారు. మీరైతే కోతకి ముందే వాళ్ల డ్రాయింగ్ తెప్పించుకుని, ఆ ఒక్క అంకె ఉందో లేదో కళ్లారా చూసుకోండి.

ఇప్పుడు ముడత లేదు. పాత చాపతో మొదటి రీఫ్ వేసుకోక తప్పని గాలిలో కూడా దీన్ని పూర్తిగా ఎత్తే వెళుతున్నాం. మొన్న మా ఆవిడ రెండు గంటలు చుక్కాని దగ్గరే ఉంది, ఇమ్మన్నా ఇవ్వలేదు.