మూడు లాంతర్ల దగ్గర ఆదివారం చరిత్ర క్లాసు: ఎనిమిది వారాలు విన్నాక

మాది గజపతినగరం. సచివాలయంలో ఉద్యోగం చేసుకుంటూ సివిల్స్‌కి చదువుతున్నాను. ఎనిమిది ఆదివారాలు విజయనగరం బస్సెక్కి, మూడు లాంతర్ల దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు మేడ మీద చెప్పే ప్రపంచ చరిత్ర క్లాసుకి వెళ్లాను. ఫీజు పద్దెనిమిది వందలు. బయట బోర్డు లేదు, ఎవరో చెబితేనే తెలుస్తుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక పెద్ద కోచింగ్ సెంటర్లో హిట్లర్ పాఠం విన్నాను. నలభై నిమిషాల్లో అయిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద రుద్దిన వెర్సాయ్ సంధి, అక్కడ ధరలు పెరగడం, ఆవేశంగా ప్రసంగాలు, జనం ఓట్లేసి గెలిపించారు, అంతే. నోట్సులో అలాగే రాసుకున్నాను, అదే నిజమనుకున్నాను.

మాస్టారు ఈ ఒక్క పాఠానికే మూడు ఆదివారాలు తీసుకున్నారు. మొదటి వారం డబ్బు సంగతి. 1923 నవంబరులో ఒక డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులు. ఆ నెలలోనే హిట్లర్ మ్యూనిక్‌లో తిరుగుబాటు చేయబోయి జైలుకెళ్లాడు. "మరి ధరల వల్లే వచ్చాడంటే, 1928 ఎన్నికల్లో హిట్లర్ నాజీ పార్టీకి 2.6 శాతం ఓట్లు, 12 సీట్లే ఎందుకొచ్చాయమ్మా?" అని నన్నే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు 1929 మాంద్యం చెప్పారు. అప్పటి ఛాన్సలర్ (మన ప్రధానిలాంటి పదవి) బ్రూనింగ్ ప్రభుత్వం పార్లమెంటుని పక్కనపెట్టి, రాజ్యాంగం 48వ అధికరణం కింద అధ్యక్షుడి అత్యవసర ఉత్తర్వులతో జీతాలు, భృతులు కోసుకుంటూ పోయింది. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు. హిట్లర్ రాకముందే అక్కడ చట్టసభని దాటి పాలించడం అలవాటైపోయిందన్న ముక్క దగ్గర నా పెన్ను ఆగిపోయింది.

మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు. లాకౌట్ పడిన ఏడాది మా ఇంట్లో అమ్మ గాజులు కుదువకెళ్లడం చూసినదాన్ని. పని పోయినవాళ్లే హిట్లర్‌కి ఓటేసి ఉంటారని నేను గట్టిగా అన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. పని పోయిన కార్మికులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారనీ, నాజీలకి బలం ప్రొటెస్టెంట్ పల్లెల రైతులూ, చిన్న దుకాణదారులూ, అంటే ఉన్నది పోతుందేమోనని భయపడ్డవాళ్లనీ చెప్పారు. నాకు ఇప్పటికీ మనసులో తిరుగుతున్నది ఆ మాటే.

రెండో వారం చింతపిక్కలు తెచ్చారు. పది సీట్లకి ఒక పిక్క. 1932 నవంబరు ఎన్నికలు: మొత్తం 584 సీట్లకి 58 పిక్కలు చాప మీద పోశారు. నాజీలకి 196, అంటే ఇరవై. కార్మికుల పార్టీయే అయిన సోషల్ డెమోక్రాట్లకి 121, పన్నెండు. కమ్యూనిస్టులకి 100, పది. మిగతావి సెంటర్ పార్టీకీ, చిన్నవాళ్లకీ. "ప్రభుత్వం కట్టండి" అన్నారు. అరగంట కుస్తీ పట్టాం. ఎటు కలిపినా ఎవరో ఒకరు ఇంకొకరితో కూర్చోరు. కమ్యూనిస్టులు సోషల్ డెమోక్రాట్లని 'సోషల్ ఫాసిస్టులు' అనేవారట. చివరికి మాస్టారు నాజీల ఇరవై, కమ్యూనిస్టుల పది పక్కపక్కన పెట్టి లెక్కపెట్టమన్నారు. ముప్పై. ఆ రిపబ్లిక్కే వద్దనే రెండు పార్టీలకి కలిపి సగం దాటింది. ఏ ప్రభుత్వం వచ్చినా పడగొట్టేయగలరు.

జులైలో నాజీలకి 230 సీట్లు వచ్చాయి, నవంబరుకి 34 తగ్గాయి. పార్వతీపురం నుంచి వచ్చే కుర్రాడొకడు లేచి, "అదేటి మాస్టారూ, ఓట్లు తగ్గినోడికి పదవేటి?" అన్నాడు. మాస్టారు ఆ ప్రశ్నని బోర్డు మీద ఉన్నదున్నట్టు రాసి, జవాబుగా మిగతా గంటా చెప్పారు. మాజీ ఛాన్సలర్ పాపెన్ లాంటి పెద్దమనుషులు ముసలి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చెవిలో ఊదడం, మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే కదా, మన చెప్పుచేతల్లో ఉంటాడనుకోవడం, 1933 జనవరి 30న ఛాన్సలర్ పదవి చేతికివ్వడం. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడితే, మర్నాటికే పౌరహక్కులు రద్దు. మార్చి 5 ఎన్నికల్లో, అంత దౌర్జన్యం చేసినా, వచ్చింది 43.9 శాతమే. సగం కాలేదు.

మూడో వారం మార్చి 23, పార్లమెంటు లేకుండానే చట్టాలు చేసే అధికారం హిట్లర్ ప్రభుత్వానికి ఇచ్చే చట్టం మీద ఓటింగు జరిగిన రోజు. క్రోల్ ఒపేరా హాల్లో గోధుమరంగు చొక్కాల నాజీ దళాలు చుట్టూ నిలబడి ఉండగా, సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఒట్టో వెల్స్ లేచి వ్యతిరేకంగా మాట్లాడాడు. అనుకూలంగా 444, వ్యతిరేకంగా 94. ఆ 94 ఓట్లూ సోషల్ డెమోక్రాట్లవే. కమ్యూనిస్టులని అసలు లోపలికే రానివ్వలేదు. అది చెప్పేటప్పుడు మాస్టారి గొంతు తగ్గిపోయింది. ఏడున్నర దాటినా ఎవరం లేవలేదు, నా బస్సు పోయింది.

లోపాలూ చెప్పాలి. రేకుల గది, ఒక్కటే ఫ్యాను, మే నెలలో కూర్చోవడం కష్టం. జిరాక్స్ నోట్సులో రెండు పేజీలు మసిబారి అక్షరం కనబడలేదు, మళ్లీ ఇవ్వమంటే వారం పట్టింది. రష్యా విప్లవం ఒక్క వారంలో ముగించారు, అది చాలదు. పరీక్షకి జవాబు రాయించడం, దిద్దడం ఉండవు. అది కావాలంటే వేరేచోట చూసుకోవాలి. ఆడపిల్లలకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు, మాస్టారి భార్య కిందే ఉంటారు.

ఇంటికొచ్చి అరుగు మీద నాన్నకి అవే పిక్కలు పోసి చూపించాను. నాన్న పన్నెండూ, పదీ దగ్గరికి లాగి లెక్కపెట్టి, "ఇవి ఇరవై కన్నా ఎక్కువే కదమ్మా" అన్నారు. వాళ్లు మాట్లాడుకోలేదు నాన్నా అన్నాను. లాకౌట్ నాడు మిల్లు గేటు దగ్గర రెండు యూనియన్లూ రెండు టెంట్లు వేసుకున్నాయని చెప్పి, పిక్కలు గిన్నెలోకి ఎత్తారు.