జాతికోడి కొనాలంటే గుడ్లు మేలా, పిల్లలు మేలా, మూడు నెలల కోళ్లు మేలా?

అనంతపురం చుట్టుపక్కల అసీల్ (పందెంకోడి జాతి) పెంచాలనుకునేవాళ్లలో చాలామంది ముందు గుడ్ల బేరానికే దిగుతారు. చవక కదా! కానీ గుడ్డును చూసి జాతి చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. లోపలుంది అసలు అసీలో, పక్కింటి పుంజు చలవో 21 రోజులకు పిల్ల బయటికొచ్చాక కూడా తేలదు. పైగా మే నెల ఎండలో గుత్తి నుంచి కదిరి దాకా బస్సులో కుదుపులు తిన్న గుడ్లలో ఎన్ని పిల్లలవుతాయో ఎవరూ చెప్పలేరు. తప్పదంటే పెట్టి వారం దాటనివి తెచ్చుకోండి. సన్నకొన కిందికి ఉంచి, ఒకరోజు కదపకుండా వదిలేసి, ఆ తర్వాతే పొదగేయండి. ఏడో రాత్రి టార్చి వేసి చూస్తే బతికిన గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని ఉంటాయి. తేటగా ఉన్నది మురిగేలోపే తీసేయాలి.

రోజుపిల్లలతో ఇంకో తంటా. ఏది పుంజో ఏది పెట్టో మనలాంటివాళ్లకు తెలియదు. మొదటివారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. మన ఎండల్లో పగలు బల్బు అక్కర్లేకపోయినా తెల్లవారుజామున కావాల్సి రావచ్చు. కాళ్లూ రెక్కలూ పడిపోయే మారెక్స్ జబ్బుకు టీకా పొదిగించిన చోటే పడాలి. వేశారా లేదా అని అడిగితే నీళ్లు నమిలేవాడి దగ్గర కొనొద్దు.

నా ఓటు మూడు నెలల కోళ్లకే. ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ కొక్కెర తెగులుకు లాసోటా, ఎనిమిది వారాలకు ఆర్2బి టీకాలు పడి ఉంటాయి, పుంజూ పెట్టా తేలిపోతాయి. ముఖ్యంగా ఒళ్లు అబద్ధం చెప్పదు. అసీల్‌కు తల మీది ఎర్ర జుట్టు (తురాయి) చిన్నది, గట్టిగా నెత్తికి అంటుకుని ఉంటుంది. గడ్డం కింద వేలాడే తోలు దాదాపు ఉండదు. మెడ పొడుగు, నిలబడే తీరు నిటారు, ఈకలు పొట్టిగా ఒంటికి అతుక్కుని ఉంటాయి. ఈకలు మెత్తగా బొద్దుగా కనిపిస్తే బ్రాయిలర్ రక్తం కలిసిందేమోనని అడగాల్సిందే. రెక్క ఎత్తి, తోక కింద ఈకలు విడదీసి పేలు చూడండి. చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి వినండి, గురగుర వినిపిస్తే బేరం అక్కడే ఆపేయండి. బాగుందనుకుని తెచ్చినా మూడు వారాలు పాత కోళ్లతో కలపొద్దు.

పెరిగి పెద్దయిన పుంజు-పెట్ట జతలు గుణం తెలిసినవే, కానీ ముసలి పెట్టను అంటగట్టేవాళ్లు ఉంటారు. పందెంలో దెబ్బతిన్న పుంజును ‘బ్రీడరు’ అని అమ్మేవాళ్లూ ఉన్నారు, పందేలేమో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఈకలు, తోలు, మాంసం అన్నీ నల్లగా ఉండే కడక్‌నాథ్‌తో మరీ చిక్కు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక గిరాకీ పెరిగింది. కానీ ఆ నలుపు బలమైన లక్షణం, సంకర పిల్లల్లోనూ చాలావాటికి వస్తుంది. నల్లగా ఉందని జాతి అనుకోవద్దు. నల్ల గుడ్డు పెడుతుందని చెప్పేవాడినైతే అసలే నమ్మొద్దు, అది పెట్టేది లేత గోధుమరంగు గుడ్డే.

గుడ్ల కోసమే అయితే అసీల్ జోలికి పోకండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన గ్రామప్రియ కోడి చాలు. అది సంకరం. అమ్మేవాళ్లు ఆ మాట ముందే చెప్పి అమ్మాలి. అసీల్ అమ్మేవాళ్లయితే తల్లిని, తండ్రిని కళ్లెదుట నిలబెట్టి చూపించాలి.