ఎమ్మెస్సీ నర్సింగ్ అయిపోయి ఆరేండ్లు: ఏది పనికొచ్చింది, ఏది రాలే

మిర్యాలగూడ దిక్కు జూనియర్లు ఎప్పుడు కలిసినా "అక్కా, ఎమ్మెస్సీ చెయ్యమంటవా" అని అడుగుతున్నరు, అందరికీ విడివిడిగ చెప్పే ఓపిక లేక ఒక్కసారే రాస్తున్న. బీఎస్సీ అయినంక ఏడాది వార్డుల చేసిన (ఆ ఏడాది లేకుంటే సీటే రాదు), తర్వాత ఎమ్మెస్సీల మెడికల్ సర్జికల్ (పెద్దోళ్ల జబ్బులు, ఆపరేషన్ల నర్సింగ్) తీసుకున్న, రెండో ఏడాది క్రిటికల్ కేర్. పాసైన కాన్నుంచి నల్గొండల ఐసీయూనే.

ముందు బాధ చెప్పుకుంట. పేరుకు క్రిటికల్ కేర్ గానీ, మా కాలేజీ సొంత ఆస్పత్రిల వెంటిలేటర్ మీదున్న పేషెంట్లను రెండేండ్లల నేను చూసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోస్టింగ్ అంటే కేస్ స్టడీ ఫైలే, మార్జిన్లు గీసుడు, స్కెచ్ పెన్నులతోటి గుండె బొమ్మ వేసుడు, ఆ పేషెంట్‌కు నర్సింగ్ సిద్ధాంతాలల్ల ఒరెమ్ థియరీ పెట్టాల్నా రాయ్ మోడల్ పెట్టాల్నా అని రాత్రంత తల పట్టుకునుడు. ఐసీయూకొచ్చినంక ఒరెమ్ గురించి నన్నెవ్వరూ అడగలే.

డ్యూటీల చేరిన రెండో వారం, నైట్. హాలియా అవతల నుంచి పురుగుల మందు తాగిన పిలగాడిని తీస్కొచ్చిండ్రు. నోట్లె నురుగు, కంటిపాపలు సూదిమొనంత, ఒళ్లంత చెమట. డాక్టర్ అట్రోపిన్ (ఆ విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టమన్నడు, ఐదు నిమిషాలకోసారి డబుల్ చేస్కుంట పొమ్మన్నడు, నేను ఆంపుల్స్ విరుస్తనే ఉన్న, మందు సరిపోయిందా అని టార్చ్ పట్టుకొని కండ్లే చూస్తున్న, ఎందుకంటే పుస్తకంల నాకు గుర్తున్నది అదే, పది మార్కులకు రాసిన కూడా. పక్కనున్న పాత జీఎన్ఎం (డిప్లొమా నర్సింగ్) సిస్టర్ "కండ్లు తర్వాత చూద్దువు బిడ్డా, ముందు ఛాతీ విను" అని స్టెత్ నా చెవుల పెట్టింది. గరగర ఎట్ల ఉంటది, తగ్గుతున్నప్పుడు ఎట్ల మారుతది, చంక తడారిందా లేదా చేత్తోటి ఎట్ల చూడాలె, అంత ఆ ఒక్క రాత్రే నేర్చుకున్న. పిలగాడు బతికిండు. ఏబీజీ (రక్తంల ఆక్సిజన్, యాసిడ్ ఎంతుందో చెప్పే పరీక్ష) చదువుడు కూడా అంతే, మత్తు డాక్టర్ ఒకాయన చాయ్ తాక్కుంట రిపోర్టుల వెనక రాసి నేర్పిండు.

ఇంతకుముందు గిసొంటి కేసులు చానా వరకు హైదరాబాద్‌కే రాసేటోళ్లు. మహబూబ్‌నగర్‌ల 2016ల, నల్గొండ, సూర్యాపేటల 2019ల సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినంక ఇక్కడనే ఆపుతున్నరు, అంటే నర్సుకు తెల్వాల్సింది కూడా ఇక్కడనే పెరిగింది. సిలబస్‌ల మా జిల్లా పొలాలు లేవు.

ఇగ పనికొచ్చింది వింటే నవ్వుతరు. స్టాటిస్టిక్స్! అందరం తిట్టుకున్న సబ్జెక్టు. నా థీసిస్ ఏమంత గొప్పది కాదు, అందరు చేసేదే, 60 మందికి ప్రీటెస్ట్, పాఠం చెప్పుడు, పోస్ట్ టెస్ట్, ముందు మార్కులను తర్వాతి మార్కులతోటి పోల్చే పెయిర్డ్ టీ లెక్క. చెప్పినంక మార్కులు పెరగకపోతేనే వింత. కానీ ఒక నెల మా ఐసీయూల వెంటిలేటర్ పెట్టినంక వచ్చే న్యుమోనియా కేసులు రెండు నుంచి నాలుగైనయ్, నర్సులు చేతులు కడుగుతలేరని మీటింగ్‌ల ఒకటే లొల్లి. రిజిస్టర్ తీసి ఒక్కో పేషెంట్ వెంటిలేటర్ మీదున్న రోజులు కూడిన, పోయిన నెల 80 వెంటిలేటర్ రోజులు, ఈ నెల 200. వెయ్యి రోజులకు లెక్కేస్తే 25 నుంచి 20కి తగ్గింది అని బోర్డు మీద రాసి చూపెట్టిన. ఎవ్వరు మాట్లాడలే. కోర్సు ఫీజుల సగం ఆ రోజు వసూలైందనిపించింది.

మేనేజ్‌మెంట్ సబ్జెక్టు డ్యూటీ రోస్టర్ వేసేకాడ అక్కరకొస్తది. జీతం సంగతి అడగకుండ్రి, ప్రైవేట్‌ల బీఎస్సీ వాళ్లకూ నాకూ తేడా చానా తక్కువ, టీచింగ్‌కు పోతే వేరే కథ. నిజంగ పాఠాలు చెప్పాలనుకుంటే ఎమ్మెస్సీ చెయ్యుండ్రి. బెడ్ పక్కన గట్టిపడాలంటే మాత్రం నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌ది రెండేండ్ల రెసిడెన్సీ కోర్సు ఉంది, అండ్ల ఎక్కువ క్లినికలే, నాకు అప్పట్ల తెల్వలే. ఎమ్మెస్సీ సీట్లకు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ పడంగనే ఆప్షన్లు పెట్టకుండ్రి, ఒకసారి రాత్రి పూట ఆ కాలేజీ ఆస్పత్రికి పోయి ఐసీయూల ఎన్ని బెడ్లల మనుషులున్నరో చూసి రాండ్రి. పగలు చూస్తే తెల్వది.

ఫీడ్‌బ్యాక్ అంటరా, హాల్ టికెట్లు ఇచ్చే రోజు ఒక ఫామ్ ఇచ్చిండ్రు, పైన రోల్ నంబర్ రాయాలె. అందరం వెరీ గుడ్ కొట్టినం. అప్పుడు నిజంగ తక్కువేమైందో మాకూ తెల్వది కదా, అది తెలిసింది హాలియా పిలగాడు వచ్చినప్పుడు.

మొన్న కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. ఎక్కడ చేస్తున్నవ్, ఫోటో పంపు, ఇన్‌స్పెక్షన్ ఉంది, పాత స్టూడెంట్ల ఫైల్ల పెట్టాలె అన్నరు. కోర్సుల ఏం తక్కువైందో కూడా రాసి పంపాల్నా మేడమ్ అని అడిగిన. "ఫోటో చాలమ్మా, వెనక తెల్లగుండేటట్టు చూస్కో" అన్నది.