ఉన్ని అంగీలతో విస్బీ: గోట్లాండ్ మధ్యయుగ వారోత్సవంలో మేము

స్వీడన్‌లో ఉండే తెలుగువాళ్ళు ఆగస్టులో ఎక్కడికి వెళ్ళాలని అడిగితే నేను గోట్లాండ్ ద్వీపంలోని విస్బీ పేరే చెబుతాను. దానితో పాటు ఇంకో మాట కూడా చెబుతాను: ఫెర్రీ టికెట్ కన్నా ముందు బట్టల సంగతి చూసుకోండి. జీన్స్ వేసుకుని వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు, వీధుల్లో తిరగడానికి పైసా కట్టక్కర్లేదు. కానీ చేత్తో కుట్టుకున్న అంగీ వేసుకుని వెళ్తే ఆ ఊరు మిమ్మల్ని చూసే తీరే మారిపోతుంది. ఇది నేను కళ్ళారా చూసిన విషయం.

ఈ పండుగ పేరు మెదెల్‌తీద్స్‌వెకాన్, అంటే మధ్యయుగ వారం. 1984లో మొదలైంది. స్వీడన్‌వాళ్ళు ఏడాదిని వారాల లెక్కన చెప్పుకుంటారు కదా, ఇది ఎప్పుడూ 32వ వారంలోనే, అంటే ఆగస్టు మొదట్లో వస్తుంది. విస్బీ సెట్టింగులు వేసి కట్టిన ఊరు కాదు. దాదాపు 3.4 కిలోమీటర్ల రాతి కోటగోడ ఇప్పటికీ ఊరి చుట్టూ నిలబడి ఉంది. లోపల కప్పులు పోయిన చర్చి శిథిలాలు, గుమ్మానికో గులాబీ పొద ఉన్న చిన్న చిన్న ఇళ్ళు, రాళ్ళు పరిచిన ఏటవాలు సందులు. 1995 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆ సందుల్లో వేలమంది ఉన్ని అంగీలు, నార (లినెన్) గౌన్లు వేసుకుని, వెనక తోక వేలాడే టోపీలు పెట్టుకుని తిరుగుతుంటే, కాసేపటికి మామూలు బట్టల్లో ఉన్నవాళ్ళే కొత్తగా కనిపిస్తారు.

మా గుంపులో అందరం స్టాక్‌హోమ్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమే. చలికాలం సాయంత్రాలు అక్కడ మూడింటికే చీకటి పడుతుంది. ఆ చీకట్లో ఒకరింట్లో కూడి కుట్టుపని పెట్టుకున్నాం. మాలో ఒకమ్మాయి వాళ్ళ అమ్మగారు జనగామలో టైలరింగ్ చేస్తారు. వీడియో కాల్‌లో ఆవిడ చెప్పడం, మేం కత్తిరించడం. పధ్నాలుగో శతాబ్దపు అంగీ కత్తిరింపు ఆవిడకు చిటికెలో అర్థమైపోయింది. "బట్ట వేస్ట్ కాకుండా చూసుకున్నారమ్మా వాళ్ళు" అన్నారు. నిజమే. ఒంటికి నిలువు ముక్కలు, చేతులకు రెండు ముక్కలు, చంకలో ఒక చదరపు ముక్క, కిందికి వచ్చేసరికి ఘేరు కోసం త్రికోణపు కలీలు. మన పాతకాలం లాల్చీలు కుట్టే పద్ధతికి ఇది ఏమంత దూరం కాదు.

ఇలా కుట్టారని మనకెలా తెలుసు? ఆ కాలపు బట్టలు కొన్ని నిజంగానే దొరికాయి. గ్రీన్‌లాండ్‌లో హెర్యోల్ఫ్స్‌నెస్ అనే చోట శ్మశానం గడ్డకట్టిన నేలలో ఉండటంతో, శవాలకు చుట్టిన ఉన్ని అంగీలు చాలావరకు పాడవకుండా ఉండిపోయాయి. 1921లో డెన్మార్క్ పురావస్తు శాస్త్రవేత్త పౌల్ నోర్లుండ్ వాటిని తవ్వి తీశాడు. స్వీడన్‌లోనే వార్‌బెరి దగ్గర బొక్‌స్టెన్ బురదనేలలో 1936లో ఒక మనిషి దేహం బయటపడింది. అంగీ, పైవస్త్రం, మేజోళ్ళు, టోపీ అన్నీ ఒంటిమీదే ఉన్నాయి. ఆ టోపీ వెనక రెండు మూరల తోక వేలాడుతుంది. మా మగవాళ్ళ టోపీలకు నమూనా అదే.

లోపలి చొక్కాలకు కొత్త నారబట్ట కొనాలంటే ఖరీదెక్కువ. సెకండ్ హ్యాండ్ షాపుల్లో పాత నార దుప్పట్లు, టేబుల్ గుడ్డలు చవకగా దొరుకుతాయి. ఉతికి ఉతికి మెత్తబడి ఉంటాయి కాబట్టి ఒంటికి హాయిగా ఉంటాయి కూడా. దారానికి తేనెమైనం రాస్తే చిక్కుపడదు, తొందరగా తెగదు. గుండీలు చేయడం నాకు అన్నిటికన్నా నచ్చింది. అంగీ ఉన్నిలోంచే రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్ద గుండ్రటి ముక్క కత్తిరించి, అంచు చుట్టూ దారం దూర్చి, అంచులు లోపలికి నొక్కుతూ లాగితే గట్టి బఠాణీ గింజంత గుండీ తయారవుతుంది. దాన్ని అంచుకి మరీ దగ్గరగా కుట్టాలి. అప్పుడే ముందు భాగం వంకర పోకుండా మూసుకుంటుంది. ముంజేతికి వరసగా అలాంటి గుండీలున్న గౌనుని మా ఫ్రెండ్ వేసుకుంటే, సంతలో బట్టలమ్మే ఒక పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని కుట్టుని తిప్పి తిప్పి చూసింది. తర్వాత తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టింది. ఉన్ని రంగుల గురించి మాట్లాడుతూ మధ్యాహ్నమంతా ఆ కొట్టులోనే గడిచిపోయింది.

పై దుప్పటి కథ ఇంకొకటుంది. మాలో ఒకడిది మహబూబ్‌నగర్. వాళ్ళింట్లో తాతగారి గొంగడి ఉంది. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టిన ముతక గొంగడి. వానకు, చలికి రెండిటికీ పనికొస్తుంది. చదరపు ఉన్ని దుప్పటిని భుజం మీద పిన్నుతో బిగించుకోవడం యూరప్‌లో కూడా చాలా పాత పద్ధతే. అందుకే వాడు దాన్నే తెచ్చి కప్పుకున్నాడు. గోట్లాండ్ కూడా గొర్రెల ద్వీపమే, అక్కడి గొర్రెల ఉన్ని బూడిదరంగులో ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఒక గొర్రెల పెంపకందారు ఆ గొంగడిని వేళ్ళ మధ్య నలిపి చూసి, ఏ జాతి గొర్రె, ఏడాదికి ఎన్నిసార్లు కత్తిరిస్తారు, మగ్గం ఎలా ఉంటుంది అని వరసపెట్టి అడిగాడు. మావాడికి తెలిసినంత చెప్పాడు, తెలియనివి అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాడు.

ప్రయాణం సంగతికొస్తే, స్టాక్‌హోమ్ నుంచి లోకల్ ట్రైన్‌లో గంటసేపు వెళ్తే నీనెస్‌హామ్న్ రేవు. అక్కడి నుంచి ఫెర్రీకి మూడు గంటల పైచిలుకు. విమానంలో అయితే నలభై నిమిషాల్లో దిగొచ్చు, కానీ నా ఓటు ఫెర్రీకే. సామాను బరువుతో గొడవ లేదు. ఓడలోనే సగం మంది వేషాల్లో ఉంటారు, డెక్ మీద ఎవరో ఒకరు వేణువు తీస్తారు. ఆ వారం టికెట్లు మాత్రం వసంతకాలానికే బుక్ చేసుకోవాలి. కారుతో వెళ్ళేవాళ్ళు ఇంకా ముందే చూసుకోవాలి. ఊళ్ళో కారు అవసరం లేదు, గోడ లోపల అంతా నడకే.

బస విషయంలో మేం రెండు రకాలూ చూశాం. కొన్ని రాత్రులు గోడ లోపల ఒక ఇంట్లో గది తీసుకున్నాం. పండుగ వారం కాబట్టి అద్దె మామూలు రోజులకన్నా బాగా ఎక్కువ. గది ఇరుకు, మెట్లు నిటారు, కిటికీ తీస్తే తెల్లవారుజాము దాకా పాటలు, మూస్తే ఉక్క. ప్రకటనలో వంటగది ఉందని రాశారు, తీరా వెళ్తే ఒక కెటిల్ మాత్రం ఉంది. యజమానిని అడిగితే జవాబే రాలేదు. మిగతా రాత్రులు ఊరి బయట సముద్రం ఒడ్డున క్యాంపింగ్ స్థలంలో మామూలు గుడారాలు వేసుకున్నాం. స్నానాల గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు వచ్చాయి, అందరూ వాడుకునే వంటగది ఉంది. పొద్దున్నే ఒడ్డు వెంబడి నడుచుకుంటూ ఊళ్ళోకి రావచ్చు. నన్నడిగితే ఇదే మేలు. చారిత్రక పద్ధతిలో గుడ్డ గుడారాలు ఉన్న బృందాలు వేరే శిబిరాలు వేసుకుంటాయి. అక్కడ ప్లాస్టిక్ కుర్చీ కూడా కనబడనివ్వరు. అలాంటి ఒక శిబిరంలో మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి బార్లీ, బఠాణీ వేసి వండిన చారు పోశారు. మా బట్టలు చూసే పిలిచారని వాళ్ళే చెప్పారు.

ఒక జాగ్రత్త. గోట్లాండ్‌లో వేసవిలో వానలు తక్కువ, నీటి ఎద్దడి ఉంటుంది. గడ్డి ఎండిపోయిన ఏడాది బహిరంగంగా మంట వేయకూడదని ఆంక్షలు పెడతారు. వంట కట్టెల మీద చేసుకుందామని లెక్క వేసుకుని వెళ్ళకండి. పగలు ఎండ బాగానే ఉన్నా, రాత్రి సముద్రం మీంచి వచ్చే గాలికి ఒళ్ళు వణుకుతుంది. అప్పుడు తెలుస్తుంది ఉన్ని విలువ. నార మీద ఉన్ని వేసుకుంటే పగలు చెమటను పీల్చుకుంటుంది, రాత్రి వెచ్చగా ఉంచుతుంది. చెప్పులకు మాత్రం కుట్టుపని మీద పట్టుదల వద్దు. చారిత్రక పద్ధతిలో చేసిన తోలు జోళ్ళ అడుగు పలచగా ఉంటుంది, ఆ రాళ్ళ వీధుల్లో అరికాళ్ళు మండిపోతాయి. అవే వేసుకుంటే లోపల ఉన్ని మెత్త పెట్టుకోండి.

పండుగకు గుండెకాయ లాంటి చోటు స్ట్రాండ్‌యార్దెట్ మైదానం. కోటగోడకి, సముద్రానికి మధ్య ఉంటుంది. పెద్ద సంత అక్కడే. కమ్మరులు, కుమ్మరులు, తోలుపని వాళ్ళు, ఎముకతో సూదులు చేసేవాళ్ళు. గుర్రాల మీద ఈటెలతో ఢీకొనే పోటీలూ అక్కడే జరుగుతాయి. వీటికి టికెట్ ఉంది, ముందే కొనాలి. ఆ గుర్రాల డెక్కల అదురు నేలలోంచి కాళ్ళలోకి వస్తుంది. ఈటె విరిగినప్పుడు చెక్క పేళ్ళు ఎగురుతాయి. ఖర్చు పెట్టదగ్గ ప్రదర్శన ఇదే. మిగతావి, సంగీతం, గారడీలు, వీధి నాటకాలు, చాలా వరకు వీధుల్లోనే చూడొచ్చు. పెద్ద కూడలిలో ఉన్న సంత్ కారిన్ చర్చికి కప్పు లేదు, ఆకాశంలోకి వంగిన తోరణాలు మాత్రమే మిగిలాయి. అక్కడ రాత్రి కచేరీ వినే అవకాశం దొరికితే వదలకండి.

అయితే ఈ వేడుకకు మూలమైన కథ సంతోషకరమైనది కాదు. అది తెలుసుకోకుండా తిరిగి రావడం నాకు న్యాయంగా అనిపించదు. 1361 జూలైలో డెన్మార్క్ రాజు వాల్దెమార్ ఆత్తర్‌దాగ్ ఈ ద్వీపం మీదికి దండెత్తాడు. జూలై 27న గోడ బయట రైతులు అతని సైన్యానికి ఎదురు నిలిచి చనిపోయారు. ఊళ్ళోని వర్తకులు తలుపులు మూసుకుని ఉండిపోయి, తర్వాత రాజుకు లొంగిపోయారు. ఎండాకాలం కావడంతో శవాలను కవచాలు కూడా విప్పకుండా గుంటల్లో పూడ్చేశారు. 1905లో మొదలుపెట్టి తవ్విన సామూహిక సమాధుల్లో దాదాపు 1,185 మంది అవశేషాలు దొరికాయి. వాళ్ళలో చిన్న కుర్రాళ్ళు, ముసలివాళ్ళు కూడా ఉన్నారు. చాలామందికి మోకాలి కింద ఎముకల మీద కత్తి గాట్లు. కవచం లేని చోట కొట్టారన్నమాట.

స్ట్రాండ్‌గాతన్ వీధిలోని గోట్లాండ్ మ్యూజియంలో ఆ ఎముకలు, ఇనుప వలయాల కవచాలు ఉన్నాయి. సగం రోజు దీనికే కేటాయించండి. అక్కడే స్పిల్లింగ్స్ నిధి కూడా చూడొచ్చు. 1999లో ఒక పొలంలో దొరికిన 67 కిలోల వెండి, అందులో 14 వేలకు పైగా నాణేలు, చాలావరకు అరబ్బు దేశాలవి. కోటగోడ దాటి కాస్త నడిస్తే ఆ యుద్ధం జరిగిన కొర్స్‌బేత్నింగెన్‌లో లాటిన్ అక్షరాలు చెక్కిన రాతి సిలువ ఉంది. పండుగ జనం అక్కడిదాకా పెద్దగా రారు. మేం మా వేషాల్లోనే వెళ్ళాం. ఆ అంగీ వేసుకుని ఆ సిలువ ముందు నిలబడితే, చనిపోయిన కుర్రాడి ఒంటి మీద కూడా ఇలాంటి కుట్టే, ఇలాంటి గుండీలే ఉండి ఉంటాయన్న ఆలోచన వచ్చింది. మాలో ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు.

తిండి గురించి చెప్పాలంటే, మాంసం తినేవాళ్ళకు ఢోకా లేదు, గొర్రె మాంసం ఎక్కడ చూసినా ఉంటుంది. శాకాహారులకు రొట్టె, చీజ్, కూరగాయల చారు లాంటివి దొరుకుతాయి కానీ కారం మీద ఆశలు పెట్టుకోవద్దు. మేం వెల్లుల్లి కారప్పొడి డబ్బా వెంట తీసుకెళ్ళాం. తప్పక తినాల్సింది సఫ్రాన్స్‌పన్‌కాకా. పేరు పాన్‌కేకే అయినా, అన్నం, పాలు, కుంకుమపువ్వు, బాదం కలిపి ఓవెన్‌లో గట్టిపడేదాకా కాల్చిన పరవాన్నంలా ఉంటుంది. సాల్మ్‌బేర్ అనే అక్కడి నల్ల పండ్ల జామ్, క్రీమ్ వేసి ఇస్తారు. కేథడ్రల్ దగ్గరున్న కపితెల్‌హ్యూస్‌గోర్దెన్ అనే పాత ప్రాంగణంలో కూర్చుంటే బాగుంటుంది, కాకపోతే సాయంత్రం క్యూ పెద్దది. మధ్యాహ్నమే వెళ్ళండి.

డబ్బు చెల్లింపులకు టెన్షన్ లేదు, ఇనుము సాగగొట్టే కమ్మరి కూడా కార్డు తీసుకుంటాడు. కొన్ని చిన్న కొట్లలో మాత్రం స్వీడన్ ఫోన్ చెల్లింపు యాప్ స్విష్ అడుగుతారు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకు అది పనిచేయదు కాబట్టి కొంచెం నగదు ఉంచుకోవడం మంచిది. ఫోన్, కార్డు పెట్టుకోవడానికి నడుముకి వేలాడే తోలు సంచి ఒకటి కుట్టుకోండి, ఆ అంగీలకు జేబులు ఉండవు.

చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకు పగటి పూట చాలా బాగుంటుంది, చెక్క కత్తులు పట్టుకుని పిల్లలే రాజ్యమేలుతుంటారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే పైఊరి ఎత్తుల జోలికి పోకుండా అల్మెదాలెన్ పార్కు, సంత మైదానం, మ్యూజియం వరకు తిప్పండి, ఇవన్నీ కింద సముద్రం వైపు చదునుగా ఉంటాయి. కుట్టడానికి టైమ్ లేనివాళ్ళు కనీసం లోపలి నార చొక్కా, ఒక తోక టోపీ చేత్తో కుట్టుకుని, మిగతావి సంతలో కొనుక్కోవచ్చు. టోపీకి మీటరు ఉన్ని చాలు, రెండు ఆదివారాల పని. ఇప్పుడు మొదలుపెడితే ఆగస్టుకి తీరిగ్గా అయిపోతుంది.