పడమటి గోడలో ఎక్స్‌పీఎస్ షీట్లు, మెట్ల గదిలో వెంటిలేటర్లు: నల్లగొండ ఎండల్లో రెండు వేసవులు

నల్లగొండ శివారులో 200 గజాల స్థలంలో మేము కట్టుకున్న ఇటుక ఇంటికి ఇప్పటికి రెండు వేసవులు గడిచాయి. పడమటి గోడ నడుమ పెట్టించిన 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని అడ్డుకునే, ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ అనే గట్టి నురుగు) షీట్ల గురించి, మెట్ల గది పైభాగంలో బిగించిన వెంటిలేటర్ల గురించి, కొత్తగా ఇల్లు మొదలుపెట్టేవారికి పనికొచ్చేలా ఈ సమీక్ష రాస్తున్నాను. షీట్లు తమ పని తాము చేశాయి. అయితే గాలి దారులు సరిచేసుకునే వరకు, మొదటి వేసవి అంతా, వాటి ఫలితంలో సగం కూడా మాకు దక్కలేదు.

ముందుగా పడమటి గోడనే ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ తన మీద పడిన వేడిని వెంటనే లోపలికి వదలదు. ఆరేడు గంటలు తనలో దాచుకుని ఆ తర్వాత వదులుతుంది. అందువల్ల మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల ఎండ సరిగ్గా మనం పడుకునే వేళకు పడకగదిలోకి చేరుతుంది. ఇంతకుముందు మేమున్న అద్దె ఇంట్లో మే నెలలో రాత్రి పదకొండు గంటలకు గోడకు చెయ్యి ఆనిస్తే, దించిన రొట్టె పెనంలా సెగ తగిలేది. చాలామంది దక్షిణపు గోడకు భయపడతారు కానీ, నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి వచ్చి, అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం వరకు కొద్దిగా ఉత్తరానికే జరిగి ఉంటాడు. నడి వేసవిలో దక్షిణపు గోడ మీద ఎండ పెద్దగా పడదు. తూర్పు గోడ పొద్దున కాగినా పడుకునే వేళకు చాలావరకు చల్లబడుతుంది. ఎండ దెబ్బంతా పైకప్పుది, పడమటి గోడది.

ఇతర మార్గాలనూ పరిశీలించకపోలేదు. ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలు) బట్టీ ఇటుకతో పోలిస్తే వేడిని దాదాపు నాలుగో వంతు మాత్రమే పోనిస్తాయి, బరువూ తక్కువ. కానీ వాటికి పలుచటి జిగురు మాలుతో కట్టే అలవాటున్న మేస్త్రి కావాలి, పిల్లర్ కలిసే చోట తీగ జాలీ వేయకుండా ప్లాస్టరింగ్ చేస్తే పగుళ్లు వస్తాయి. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ వ్యాప్తిలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఇటుకలను పక్కకు నిలబెట్టి నడుమ సందు వదిలే ఆ గోడకు దాదాపు నాలుగో వంతు ఇటుకలు ఆదా అవుతాయి. అయితే దానికి ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి. మాకు దొరికిన బట్టీ ఇటుక ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అందుకే మిగిలిన మూడు వైపులా మామూలు తొమ్మిది అంగుళాల గోడ కట్టించి, పడమట మాత్రం బయట నాలుగున్నర అంగుళాల వరుస, నడుమ రెండు అంగుళాల షీటు, లోపల మరో నాలుగున్నర అంగుళాల వరుస పెట్టించాము. మాది పిల్లర్ల మీద నిలిచిన ఇల్లు, పైకప్పు బరువు గోడల మీద పడదు కాబట్టి ఇది కుదిరింది.

మా మేస్త్రి పాలమూరు మనిషి, పనిమంతుడు. "సార్, గోడ నడుమ సందు పెడితే తేళ్లు, జెర్రులు చేరుతయి" అని మొదట ఒప్పుకోలేదు. ఆయన భయంలో న్యాయం ఉంది. అందుకే షీటును లోపలి వరుసకు బిగుతుగా ఆనించి, రెండు వరుసలనూ జింకు పూత కడ్డీలతో కలిపి, అడుగున నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలకు సన్నని స్టీలు జాలీ పెట్టించాము. ఇప్పటివరకు పురుగు బాధ లేదు. థర్మాకోల్ చవక కదా అని దుకాణంలో సలహా ఇచ్చారు కానీ, పూసలు పూసలుగా ఉండే ఆ షీటు కంటే ఎక్స్‌పీఎస్ నీటిని చాలా తక్కువగా పీలుస్తుంది. గోడలో ఒకసారి మూసేసిన తర్వాత మార్చే వీలుండదు కాబట్టి ఇక్కడ పొదుపు చూడకూడదని నా అభిప్రాయం.

షీట్లు వాడేవారు మూడు విషయాలు తప్పక గమనించాలి. ఎండలో పేర్చి ఉంచితే పైపొర పసుపెక్కి పొడిలా రాలుతుంది; మా షీట్లలో రెండు అలాగే పాడయ్యాయి. థిన్నర్ కలిసిన జిగురు తగిలితే షీటు కరిగిపోతుంది. కరెంటు తీగల పీవీసీ తొడుగు నేరుగా దీనికి ఆనుకుంటే కాలక్రమంలో పెళుసుబారుతుంది, కనుక తీగలన్నీ పైపులోనే వెళ్లాలి. ఇది మండే పదార్థం కూడా. ఇటుక గానీ ప్లాస్టరింగ్ గానీ కప్పకుండా ఎక్కడా వదలకూడదు.

ఫలితానికి వస్తే, లెక్క ప్రకారం ఇలాంటి గోడ గుండా వచ్చే వేడి మామూలు తొమ్మిది అంగుళాల గోడలో వచ్చేదానిలో దాదాపు నాలుగో వంతు. చేతికి తెలిసే తేడా కూడా అలాగే ఉంది. రాత్రి పదికి పడమటి గది గోడ, తూర్పు గది గోడ ఒకేలా తగులుతున్నాయి. కానీ ఒక లోపం మిగిలిపోయింది, అది మా ఆలోచనలోని లోపమే: పిల్లర్లకు, బీములకు షీటు వేయలేదు. కాంక్రీటు ఇటుక కంటే వేడిని బాగా పోనిస్తుంది కాబట్టి, గోడ మీద చెయ్యి జరుపుతూ పోతే పిల్లర్ ఉన్న చోట నిలువుగా ఒక వేడి పట్టీ స్పష్టంగా తెలుస్తుంది. వాటి బయటి ముఖాలకు కనీసం 25 మిల్లీమీటర్ల షీటు అంటించి, జాలీ వేసి ప్లాస్టరింగ్ చేయించి ఉండాల్సింది.

ఇక గాలి సంగతి. మొదటి వేసవిలో పగలు ఇల్లు బాగానే ఉండేది, రాత్రయ్యేసరికి ఉక్కపోసేది. వంట వేడి, మనుషుల వేడి, పైకప్పు నుంచి దిగే వేడి లోపలే చిక్కుకుపోయేవి. వేడిని లోపలికి రానివ్వని గోడ, లోపలి వేడిని బయటికీ పోనివ్వదు. దాన్ని పంపించాల్సింది గాలి ఒక్కటే. మా తాతల కాలపు మట్టి మిద్దెకు కప్పులో గవాక్షి ఉండేది, రాత్రి దాని మూత తీసేవారు. వేడి గాలి పైకి పోతుంది, కింద నుంచి చల్లగాలి వస్తుంది. స్లాబు ఇళ్లలో ఆ దారి మూసుకుపోయింది. మేము మెట్ల గది పైభాగంలో సిమెంటు జాలీలు పెట్టించినా, వాటికి తలుపులు లేకపోవడంతో పగలు వడగాలి, దుమ్ము నేరుగా ఇంట్లోకి వచ్చేవి. చివరికి రేకులు అడ్డం పెట్టాము. రెండో వేసవికి ముందు వాటిని తీయించి, తెరిచి మూసే అల్యూమినియం వెంటిలేటర్లు, లోపల దోమతెర, బయట కోతుల కోసం గట్టి గ్రిల్లు పెట్టించాము. రాత్రి తొమ్మిదిన్నరకు వాటిని, తూర్పు వైపు కింది కిటికీలను తెరుస్తాము. ఉదయం ఎనిమిది లోపు అన్నీ మూసి పరదాలు లాగుతాము. మెట్ల మీద నిలబడితే పైకి పోయే గాలి ముఖానికి తెలుస్తుంది. ఆ వేసవిలో తెల్లవారుజామున దుప్పటి వెతుక్కున్న రోజులు కూడా ఉన్నాయి.

దోమతెర గాలిని బాగా తగ్గిస్తుంది, దుమ్ము పడితే మరీ ఎక్కువ. కనుక వెంటిలేటర్‌ను అనుకున్నదానికంటే పెద్దదిగా పెట్టించాలి. పొడి వేడి ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం గది నేలలో పదో వంతు ఉండాలని జాతీయ నిర్మాణ నియమావళి చెబుతుంది. 120 చదరపు అడుగుల గదికి అది 12 చదరపు అడుగులు. వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టేవారు బయటి గాలి లోపలికి వచ్చే సందు కూడా ఉంచాలి. లేకపోతే ఫ్యాన్ శబ్దమే మిగులుతుంది.

డబ్బు పరిమితంగా ఉంటే మొదట పైకప్పుకే ఖర్చు పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత (ఇళ్లలో విద్యుత్ ఆదా కోసం రూపొందించిన నియమావళి), పైకప్పు గుండా ప్రసరించే వేడి చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ ఉన్న ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లు దాటకూడదంటుంది. ఉత్త స్లాబు దానికి రెండింతలు మించిపోతుంది. ఎండను తిప్పికొట్టే పైకప్పులను ప్రోత్సహించే 2023 నాటి తెలంగాణ కూల్ రూఫ్ విధానం మా వంటి చిన్న స్థలాలకు తప్పనిసరి కాకపోయినా, మేము స్లాబు మీద తెల్ల టైల్స్ వేయించాము. పడమటి గోడకు షీట్లు, అదనపు కూలీ కలిపి ఒకటిన్నర టన్నుల ఏసీ ధర కంటే తక్కువే అయింది. వచ్చే ఏడాది పై అంతస్తు వేయాలనుకుంటున్నాము. అక్కడా ఇవే షీట్లు వాడతాము, ఈసారి పిల్లర్ల బయటి ముఖాలతో సహా, వెంటిలేటర్ల కొలతలు మేస్త్రికి ఇటుక పని మొదలుకాకముందే రాసిచ్చి.