రిటైర్మెంట్ విల్లా కొంటున్నారా? ముందు వెనక గోడ చూడండి

వైజాగ్‌లో రిటైర్మెంట్ విల్లాలు చూస్తున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి. మేం ఆనందపురం వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో రెండేళ్ల కిందట కొన్నాం, అక్కడ అందరూ అరవై దాటినవాళ్లే. బ్రోచర్‌లో మూడంచెల సెక్యూరిటీ అని పెద్ద అక్షరాలతో వేశారు. పిల్లలు దూరంగా ఉంటారు, ఈ వయసులో మాకు కావాల్సింది భయం లేకుండా నిద్ర పట్టే ఇల్లు, ఆ మాట చూసే కొన్నాం. పోయిన నెల అమ్మాయి దగ్గరికి హైదరాబాద్ వెళ్లి నాలుగు రోజులకి తిరిగొస్తే బీరువా తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మా అత్తగారి కాసులపేరు, నా నాలుగు గాజులు, వెండి కంచాలు పోయాయి. శ్రావణ శుక్రవారం పూజకని లాకర్ నుంచి తెచ్చినవి, తిరిగి పెట్టకుండానే ఊరెళ్లాం.

దొంగలు గేటు వైపు రానే లేదు. వెనక జీడితోట కొట్టేసి ఎవరో లేఅవుట్ వేస్తున్నారు, మెరక కోసం మట్టి పోసీ పోసీ అటువైపు నేల ఎత్తయిపోయింది. మా వైపు నుంచి ఎనిమిదడుగుల గోడ, అటునుంచి చూస్తే నా నడుము దాకా కూడా రాదు! ఇక వాష్ ఏరియా తలుపు, బాత్రూములకి వేసే పల్చటి తలుపు అది. గడియ స్క్రూలు నాలుగూ గచ్చు మీద పడున్నాయి, అర అంగుళం కూడా లేవు, వాటి మరల్లో చెక్కపొట్టు ఇంకా అంటుకునే ఉంది. గట్టిగా ఒక్క తోపు తోసుంటారంతే అన్నారు ఎస్సై గారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం గేటు దగ్గరి రిజిస్టర్. వెళ్తూ చెప్పాం కదా, సెక్యూరిటీ అబ్బాయి మా విల్లా నంబరు ఎదురుగా 'హైదరాబాద్ వెళ్లారు, ఆదివారం వస్తారు' అని రాశాడు. పార్సిల్ తెచ్చే ప్రతివాళ్లూ సంతకం పెట్టేది ఆ పేజీలోనే. అబ్బాయిని అనను, పన్నెండు గంటల డ్యూటీ, ఎవరూ ఏమీ నేర్పలేదు. కెమెరాలకి టీవీలో బొమ్మ వస్తోంది కానీ హార్డ్ డిస్క్ పాడై నెలల తరబడి రికార్డింగే లేదు, మూలన తేదీ 2000 జనవరి అని చూపిస్తోంది. బిల్డర్‌ని అడిగితే అసోసియేషన్‌కి అప్పగించేశామన్నారు, అసోసియేషన్‌ని అడిగితే ఏజెన్సీ మీదికి తోసేశారు.

సైట్ చూపించడానికి పట్టపగలు ఏసీ కారులో తీసుకెళ్తారు, అది చాలదండీ. రాత్రి తొమ్మిదింటికి మళ్లీ వెళ్లి వెనక గోడ పొడవునా నడవండి, వీలైతే అవతలి వైపు కూడా. పదిహేను రోజుల కిందటి ఫుటేజ్ చూపించమనండి, అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. సెక్యూరిటీ ఏజెన్సీకి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం (2005) ప్రకారం లైసెన్స్ ఉండి తీరాలి, కాపీ అడగండి. బ్రోచర్ మాత్రం పారేయకండి. ప్రకటనలో రాసిన తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోతే రెరా, అంటే బిల్డర్లని నియంత్రించే రియల్ ఎస్టేట్ చట్టం, సెక్షన్ 12 కింద పరిహారం అడగొచ్చు, మేమిప్పుడు లాయర్‌తో మాట్లాడుతున్నది దాని గురించే.

ఇప్పటికే ఉంటున్నవాళ్లు ఊరెళ్లేముందు స్టేషన్‌లో చెప్పి వెళ్లండి, తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి కనిపెట్టుకునే లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ మన ఆంధ్రా పోలీసులు తెచ్చిందే, దాని గురించి అడగండి. బంగారం ఇంట్లో ఉంచొద్దు. 2022 జనవరి నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది, బ్యాంకులో దొంగతనం జరిగి లాకర్‌లోవి పోతే ఏడాది అద్దెకి వంద రెట్ల దాకా బ్యాంకు ఇచ్చుకోవాలి. ఇంట్లో పోతే మనకి చేతికొచ్చేది ఎఫ్ఐఆర్ కాపీ.

వెనక తలుపుకి ఇనప గ్రిల్ పెట్టించాం. అయినా మా ఆయన రోజూ రాత్రి రెండింటికి లేచి, ఆ తలుపు తోసి చూసి వచ్చి పడుకుంటున్నారు.